జనరల్ బాడీలో లెక్కలు అడుగుతానన్న నా మేనకోడలికి

బిడ్డా,

మన చర్చి సంఘం వచ్చే జనరల్ బాడీలో నువ్వు లేచి ఐదేళ్ల లెక్కలు అడగబోతున్నావని, ఆ తర్వాత కమిటీకి కూడా నిలబడతావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నాకు ఎంత గర్వమైందో మాటల్లో చెప్పలేను. మన ఇంటి ఆడపిల్ల సంఘం ముందు నిలబడి లెక్క అడుగుతానంటోంది. అదీ హైదరాబాద్‌లో ఆడిట్ ఆఫీసులో పని చేస్తున్న పిల్ల, లెక్కంటే ఏమిటో తెలిసిన పిల్ల. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, చూసుకుంటాలే" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మధ్యలో తిట్టినా సరే, చివరిదాకా చదువు.

నువ్వు అడగబోయేది న్యాయమే. అందులో అనుమానం పెట్టుకోకు. "నిన్నగాక మొన్న పుట్టిన పిల్లకు సంఘం లెక్కలెందుకు" అనేవాళ్లుంటారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు గుర్తు చెయ్యి. మా కాలంలో మన వాళ్ల ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ చేట్లోంచి ఒక పిడికెడు బియ్యం తీసి ఆ కుండలో వేసి, మిగతావి కడిగేవాళ్లు. వానలు పడని ఏడు కూడా మీ నాయనమ్మ పిడికిలి చిన్నది చేసిందే గానీ వెయ్యడం మానలేదు. ఆదివారం ఆ బియ్యం కొంగున కట్టుకుని గుడికి తెచ్చేవాళ్లు. స్త్రీల సమాజం తరఫున నేను డబ్బాతో కొలిచి, పేరు పక్కన ఎన్ని డబ్బాలో రాసి, అమ్మితే ఎంత వచ్చిందో ఆరాధన అయ్యాక అందరి ముందూ చదివేదాన్ని. అక్షరం ముక్క రాని ముసలమ్మలు చెవి ఒగ్గి వినేవాళ్లు. ఎవరి పేరు వస్తే వాళ్లు తల ఊపేవాళ్లు. మన గుడి గచ్చు ఆ పిడికెళ్లతో వేసిందే. లెక్క చదవడం ఎవరినో అనుమానించి పెట్టుకున్న ఏర్పాటు కాదు, ఇచ్చినవాళ్లకు మనం చేసే మర్యాద. ఆ చదవడం ఎప్పుడు ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడున్న కమిటీలో ఒక్కరికీ తెలియదు.

ఇక పనులు. అన్నిటికంటే ముందు నీ సభ్యత్వ చందా ఈ ఏటిది కట్టి రసీదు తీసుకో. పాతవి బాకీ ఉంటే అవీ కట్టు. నీ బాప్తిస్మం రిజిస్టర్‌లో ఎక్కిందో లేదో చూసి, సర్టిఫికెట్ కాపీ తెచ్చుకో. ఇది చిన్న విషయం అనుకుంటావు. కాదు బిడ్డా. లెక్క అడిగినవాళ్లకు ఎవరూ ముందు లెక్క చూపించరు, ముందు సభ్యుల జాబితా తీస్తారు. "నువ్వు హైదరాబాద్‌లో ఉంటున్నావు, ఆదివారం అక్కడి చర్చికి పోతున్నావు, ఇక్కడ ఓటే లేదు, కూర్చో" అంటారు. అంతటితో నీ ప్రశ్న అయిపోతుంది, మిగతా సభ అంతా నువ్వు సభ్యురాలివా కాదా అన్నదాని మీదే నడుస్తుంది. సమావేశానికి చాలా ముందే జాబితా అడిగి నీ పేరు చూసుకో. మీ అమ్మ పేరు, మీ చిన్నాన్న వాళ్ల పేర్లు కూడా చూడు.

నియమావళి కాపీ సంపాదించి చదువు. సంఘం సంఘానికీ పద్ధతి వేరు. సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా వాళ్లకు కింద పాస్టరేట్ కమిటీ, పైన బిషప్ ఉండే డయాసిస్, ఆ పైన అన్నిటికీ కలిపి సినడ్. బాప్టిస్టు, మెన్నొనైట్ సంఘాల్లో సంఘం ఓటుకే బలం ఎక్కువ. ఇండిపెండెంట్ చర్చిల్లో చాలాచోట్ల ట్రస్టు ఉంటుంది, ఆ ట్రస్టులో పాస్టరు అయ్యగారి ఇంటివాళ్లే ఉంటారు. ఒకచోట చెల్లిన మాట ఇంకోచోట చెల్లదు. మనది సొసైటీ. మన వైపు పాతవి చాలా నిజాం కాలపు 1350 ఫస్లీ చట్టం కింద రిజిస్టరైనవి, ఇప్పుడు 2001 సొసైటీల చట్టం కింద నడుస్తున్నాయి. ఏటా కమిటీ సభ్యుల జాబితా జిల్లా రిజిస్ట్రార్‌కు పంపాలి. ఆ ఆఫీసుకు పోయి, రుసుము కట్టి నకళ్లు తీసుకో. ఎన్నికే జరగని ఏట కొత్త పేర్లు ఎక్కి ఉంటే అక్కడ కనపడుతుంది. అలాగే గుడి కాంపౌండ్ జాగా ఎవరికైనా అమ్మారా, తాకట్టు పెట్టారా తెలియడానికి ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించు. పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, దేవరకొండ, కల్వకుర్తి, ఎక్కడ చూసినా మిషన్ జాగాలంటే ఇవాళ మాటలు కాదు. ఊరు పెరిగి రోడ్డు పక్కకు వచ్చిన జాగా గజం ఎంత పలుకుతుందో నీకు తెలుసు. మన గొడవల్లో సగం వాక్యం గురించి కావు, జాగా గురించే.

ఆ మాట అంటుంటే మీ పెదనాన్న గుర్తొస్తున్నాడు. ఇది నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. మీ నాన్న చెప్పడు, వాడికి ఇప్పటికీ నొప్పే.

నువ్వు ఇంకా పుట్టలేదు. గుడి ముందు రోడ్డు వైపు ఆరు మడిగెలు కట్టి కిరాయికి ఇచ్చారు. ఒకదాంట్లో దర్జీ, ఒకదాంట్లో ఎరువుల దుకాణం, మిగతావాటిలో ఏవేవో. అడ్వాన్స్ అని ఒక్కొక్కరి దగ్గర పెద్ద మొత్తమే తీసుకున్నారు. అంతా జమ కాలేదని ఊళ్లో మాట పుట్టింది. మీ పెదనాన్న నిప్పులాంటి మనిషి. ఒకరి సొమ్ము రూపాయి ముట్టేవాడు కాదు, ఇంకొకరు ముట్టారంటే ఊరుకునేవాడూ కాదు. ఇంకో ఐదుగురిని కూడగట్టుకున్నాడు. కానీ ఆ ఆరుగురిలో ఒక్కరూ క్యాష్ బుక్కు చూడలేదు. రాతపూర్వకంగా అడగలేదు. కనీసం దర్జీ దగ్గరికి పోయి "అన్నా, నువ్వు ఎంత కట్టావు, రసీదు చూపించు" అని కూడా అడగలేదు. అడిగితే చూపించేవాడే. కుట్టు మిషన్ మీదే తల వంచుకుని పొద్దంతా కూర్చునేవాడు, ఎక్కడికీ పోయేవాడు కాదు.

ప్రభు రాత్రి భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం. బల్ల మీద రొట్టె, గిన్నె, పైన తెల్లగుడ్డ. అయ్యగారు ఆ గుడ్డ తీయబోతున్నారు. మీ పెదనాన్న లేచి నిలబడ్డాడు. "ఆ చేతులతో బల్ల ముట్టొద్దు. మడిగెల డబ్బు తిన్న చేతులవి" అన్నాడు. అయ్యగారి చేతులు గుడ్డ మీదే ఆగిపోయాయి. మొదటి వరసలో కూర్చున్న అయ్యగారి భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత ఎవరు ఏమన్నారో ఎవరికీ తెలియదు, అంతా కేకలు. ఆ రోజు ఎవరికీ సంస్కారం అందలేదు. తెల్లవారి సోమవారం కమిటీవాళ్లు అల్మారా తెరిస్తే క్యాష్ బుక్కు లేదు. తాళం పగల్లేదు. ఆ బుక్కు మళ్లీ ఎవరి కంటా పడలేదు.

అయ్యగారు తిన్నారో, ఆయన చాటున ఇంకెవరైనా తిన్నారో, అసలు ఎవరూ తినలేదో, ఇక తేలే దారి లేకుండా పోయింది. దొంగ ఉండి ఉంటే వాడికి మనమే ఒక రాత్రి టైమ్ ఇచ్చాం. దొంగ లేకపోతే ఒక మంచి మనిషి మీద జన్మంతా పోని మచ్చ వేశాం. ఆయన బదిలీ అయి పోయేటప్పుడు బండి మీద సామాను ఎక్కించడానికి కూడా ఎవరూ పోలేదు. మీ పెదనాన్న చనిపోయే ముందు ఏడాది, మంచం మీద ఉండి నాతో ఒక్క మాట అన్నాడు: "చెల్లే, ముందు దర్జీ రసీదు చూసి ఉండాల్సింది."

తర్వాత రెండు గుంపులు, గేటుకు రెండు తాళాలు. ఆర్డీఓ ఆఫీసు, పోలీస్ స్టేషన్, వకీళ్లు. మడిగెలవాళ్లు "మీలో ఎవరికి కట్టాలో తేల్చుకుని రండి" అని కిరాయిలు ఆపేశారు. క్రిస్మస్ నాడు పోలీసులను పెట్టుకుని ఆరాధన చేసుకున్నాం, ఒక గుంపు పొద్దున, ఒక గుంపు మధ్యాహ్నం. ఇవన్నీ నేను మరిచిపోగలను. ఒక్కటి మరవలేను. ఆ గొడవల మధ్యే మా పెద్దమ్మ కాలం చేసింది. బియ్యం కుండ ఏనాడూ ఖాళీగా తేని మనిషి. శవాన్ని సమాధుల తోటకు తీసుకుపోతే గేటుకు తాళం. ఆమె ఫలానా గుంపు మనిషి అని తాళం ఉన్నవాళ్లు రాలేదు. పొద్దున దింపిన పెట్టె గేటు ముందే ఎండలో ఉంది. మేం ఆడవాళ్లం పాత చీరలు నాలుగు కట్టెలకు కట్టి నీడ పట్టాం. పొద్దుగూకుతుండగా ఎస్సై వచ్చి తాళం తీయించాడు. ఆయన మన మతం కాదు. టోపీ తీసి పక్కన నిలబడ్డాడు.

అందుకే నిన్ను బతిమాలుతున్నాను. ఎంత గొడవ వచ్చినా దాన్ని మూడు చోట్లకు రానివ్వకు: ప్రభు బల్ల దగ్గరికి, పెళ్లి పందిట్లోకి, సమాధుల తోటలోకి. నీ వైపువాళ్లు తెస్తామన్నా నువ్వు ఒప్పుకోకు. సమాధుల తోట తాళం చెవి కమిటీతో సంబంధం లేని పెద్దమనిషి దగ్గర ఉండాలని మినిట్స్‌లో రాయించు. నువ్వు లెక్కల్లో ఏమీ సాధించకపోయినా ఈ ఒక్కటి సాధిస్తే నాకు చాలు.

నీ చేతిలో కాగితం ఉండాలి, మాట తర్వాత. దరఖాస్తు కార్యదర్శి పేరున రాయి. ఏ ఏడాదివి, ఏ పుస్తకాలు చూడాలనుకుంటున్నావో విడివిడిగా రాయి: క్యాష్ బుక్కు, రసీదు బుక్కుల కౌంటర్‌ఫాయిళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మడిగెల అగ్రిమెంట్లు, ఆడిట్ రిపోర్టు. పాస్ బుక్కు మొదటి పేజీ చూపిస్తే ఊరుకోకు. ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకో, చెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపు. బయటి దేశం డబ్బు ఏదైనా వచ్చిందంటే, విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోకే రావాలి, ఏటా రిటర్ను వెయ్యాలి. ఇవి నాకంటే నీకే బాగా తెలుసు.

"అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అంటారు. ఖాయంగా అంటారు, అది వినగానే సగం మంది తల దించుకుంటారు. నువ్వు దించకు, కోప్పడకు. తనను తరుముతున్న సౌలు రాజును చంపను అన్నప్పుడు దావీదు కూడా అలాంటి మాటే అన్నాడు. కానీ అదే 1 సమూయేలు 24లో దావీదు గుహలోంచి బయటికి వచ్చి, మూడు వేల మంది సైనికులతో వచ్చిన రాజును వెనకనుంచి పిలిచి, "ఎవరిని తరుముతున్నావు" అని నిలదీశాడు. చేతిలో కోసిన పైవస్త్రపు చెంగు పట్టుకుని అడిగాడు. మనిషి మీద చెయ్యి వెయ్యలేదు, ప్రశ్న మానలేదు, రుజువు చేతిలో ఉంచుకున్నాడు. 1 తిమోతి 5వ అధ్యాయం కూడా చదువుకుని వెళ్లు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద నింద ఒప్పుకోవద్దని అక్కడ ఉంది, తప్పు తేలితే అందరి ముందూ గద్దించమని ఆ వెంటనే ఉంది. మీ పెదనాన్న రెండో వచనం మొదట చేశాడు. ఇప్పుడున్న కమిటీ మొదటి వచనం చదివి పుస్తకం మూసేస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చినది 2 రాజులు 12. యోవాషు రాజైన ఇరవై మూడో ఏట కూడా మందిరం బాగు కాలేదు, డబ్బు మాత్రం యాజకులకు వస్తూనే ఉంది. రాజు వాళ్లను దొంగలు అనలేదు. ఇకమీదట డబ్బు మీరు తీసుకోవద్దన్నాడు. పెట్టె మూతకు బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టించారు. పెట్టె నిండితే రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కబెట్టి సంచుల్లో కట్టేవాళ్లు. ఎవరినీ తిట్టకుండా పద్ధతి మార్చారు, పని జరిగింది. నువ్వు కూడా పాత ఐదేళ్లు అడుగు, కానీ నీ బలమంతా ముందున్న ఏళ్ల మీద పెట్టు. చందా సంచులు ఆరాధన అయిన వెంటనే గుడిలోనే, ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరు ముగ్గురు లెక్కబెట్టి సంతకాలు చెయ్యాలి, వాళ్లు నెలనెలా మారాలి. సోమవారం బ్యాంకులో వెయ్యాలి. చెక్కు మీద రెండు సంతకాలు. నెల లెక్క నోటీసు బోర్డు మీద. కోతల పండుగనాడు కానుకల వేలంలో కోడి ఎంతకు పోయింది, గుమ్మడికాయ ఎంతకు పోయింది, ఎవరు పాడారు అన్నది అక్కడికక్కడే రాసి చదవాలి. పాడినవాళ్లు "తర్వాత ఇస్తా" అని ఏడాది తిప్పుతుంటారు, అది కూడా చదవాలి.

ఇంకొకటి, ఈ మధ్య నేను గమనించింది. గుడి గోడకు అంటించిన ఫోన్‌పే స్కానర్ ఎవరి పేరున వస్తుందో చూశావా? నేను పది రూపాయలు వేసి చూశాను. మనిషి పేరు వచ్చింది, సంఘం పేరు రాలేదు. ఆ మనిషి మంచివాడే కావచ్చు. రేపు ఆయనకు ఏమైనా అయితే ఆ డబ్బు ఆయన వారసుల చేతికి పోవచ్చు. ముందు ఈ ఒక్కటి మార్పించు. దీనికి ఎవరూ అడ్డం చెప్పలేరు, ఒక చిన్న పని జరిగిందంటే నీ వెంట నలుగురు నిలబడతారు.

అయ్యగారి గురించి. ఆయనను శత్రువుగా చూడకు. జీతం ఎంతో, ఎన్ని నెలలు బాకీ ఉందో ముందు కనుక్కో. సంఘం అయ్యగారికి సరిగ్గా పెట్టదు, ఎలా బతుకుతున్నాడని అడగదు, కానుకల్లోంచి ఇంటికి ఖర్చు పెట్టుకుంటే మాత్రం వేలు చూపిస్తుంది. లెక్క అడిగే దరఖాస్తులోనే ఆయన జీతం ఒకటో తారీఖున బ్యాంకులో పడాలని కూడా రాయి. సమావేశానికి ముందు ఇంటికి వెళ్లి, అమ్మగారి చేతి టీ తాగి, "అయ్యగారూ, ఫలానా రోజు ఇవి అడగబోతున్నాను" అని ముందుగా చెప్పు. ముందే చెబితే జాగ్రత్త పడతారని నీ ఫ్రెండ్స్ అంటారేమో. అప్పటికి నీ దరఖాస్తు పోస్టులో పోయి ఉంటుంది కదా.

వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాయకు. ఎవరైనా అనుమానం రాస్తే లైక్ కూడా కొట్టకు. రుజువు లేని మాట ఒకటి పెడితే పరువునష్టం అని నీ మీదే కేసు పెడతారు. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. కోర్టు దారి లేదనడం లేదు. సొసైటీల చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఏ సభ్యుడైనా మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు, జిల్లా కోర్టులో దరఖాస్తు వెయ్యవచ్చు. అయితే అది చిట్టచివరి మెట్టుగా ఉంచుకో. మూడు పెద్ద సంఘాలు కలిసి 1947లో ఒక్కటైన సీఎస్ఐకే, 2024 ఏప్రిల్‌లో ఎన్నికలు జరిపించడానికి మద్రాసు హైకోర్టు ఇద్దరు రిటైర్డ్ జడ్జీలను పెట్టాల్సి వచ్చింది. అంత పెద్ద సంఘం సంగతే అలా ఉంటే, మన గుడి వాయిదాల ఖర్చుకు మడిగెలు కూడా చాలవు.

ఇక నా భయం. నీకు చెప్పకపోతే నాకు ఊపిరాడదు. నువ్వు పెళ్లి కావాల్సిన పిల్లవి. నీ ప్రశ్నకు జవాబు లేనివాళ్లు నీ నడవడి గురించి మాట్లాడతారు. "రేపు దీని పెళ్లి ప్రకటన ఈ గుడిలో ఎవరు చదువుతారో చూస్తాం" అంటారు. మీ నాన్న గొంతులో వినపడింది ఆ భయమే. చదవకపోతే ఇంకో సంఘంలో చదువుతారు, అదీ కాకపోతే రిజిస్ట్రార్ ఆఫీసు ఉంది. నీ పెళ్లి ఆగదు, నేనుండగా ఆగనివ్వను. కానీ ఆ మాట నీ చెవిన పడిన రోజు నువ్వు ఒంటరిగా గదిలో ఏడవకూడదు. నాకు ఫోన్ చెయ్యి, రాత్రి ఎంతైనా సరే. మీ అమ్మకు చెప్పకుండా ఏ అడుగూ వెయ్యకు. ఆమె అడ్డుపడదు, వంట ఇంట్లోంచే ఇరవై ఓట్లు తెస్తుంది.

దరఖాస్తు ఒక్కదానివే పెట్టకు. కనీసం పది సంతకాలు ఉండాలి, అందులో సగం ఆడవాళ్లవి, ఒకటి రెండు పాత కుటుంబాలవి. రాయగానే పోస్టు చెయ్యకుండా ముందు నాకు పంపు. నీ పేరు కింద రెండో సంతకం నాది. నేను ఇక్కడికి వచ్చి ఇన్నేళ్లయినా అక్కడి చందా ఒక్క ఏడాది తప్పలేదు, రసీదులన్నీ ఇనుప పెట్టెలో కట్ట కట్టి ఉన్నాయి. నన్ను సభ్యురాలివి కాదని ఎవరంటారో చూద్దాం. సమావేశం తారీఖు చెప్పు, ముందు రోజు సాయంత్రం బస్సుకే దిగుతాను. తెల్లవారి నువ్వు కడుపునిండా తిన్నాకే ఇల్లు కదులుదాం, ఆకలైతే నీకు కోపం ముందొస్తుంది.

మీ అత్త